డబ్బా మీది మాట

ఉద్దేశం

మన చుట్టూ కనిపించే హెచ్చరికలను చదివి అర్థం చేసుకోవడం, అర్థమైన విషయాన్ని ఇంట్లోవారికి మన భాషలో సూటిగా చెప్పగలగడం ఈ పాఠం ఉద్దేశం.

సన్నివేశం

అది అక్టోబరు నెల. షోలాపురం జిల్లాలోని ఒక పల్లె. ద్రాక్షతోటల్లో కొమ్మల కత్తిరింపులు జరుగుతున్నాయి. తోటపనికి వెళ్ళిన తండ్రి పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చాడు. ఆయన చేతిలో ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. తెల్లగా, గట్టిగా ఉంది. మూత బిగువుగా ఉంది. పట్టుకోవడానికి పిడి కూడా ఉంది.

నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "డబ్బా బాగుందిరా! రెండుసార్లు బూడిద పెట్టి తోమితే తాగే నీళ్ళకు పనికొస్తుంది" అన్నది.

ఏడో తరగతి చదువుతున్న మనుమరాలు డబ్బాను దీపం దగ్గరికి తీసుకువెళ్ళింది. దాని మీద అంటించిన కాగితం సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో కొనమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంది. దాని కింది సగం పసుపు రంగు. పై సగంలో ఎర్రటి అక్షరాలు. ఆ అమ్మాయి బడిలో మరాఠీ కూడా నేర్చుకుంటున్నది. కూడబలుక్కొని చదివింది.

"నాయనమ్మా, ఇందులో నీళ్ళు పోయకూడదు. దీని మీద విషం అని రాసి ఉంది."

తండ్రి నవ్వాడు. "ఒట్టి డబ్బాయే కదమ్మా! మందు అయిపోయింది. అయినా అది పురుగుమందు కాదు. తీగ చిగురు వేయడానికి పూసే మందు. పైరుకు మేలు చేసేది మనకు కీడు చేస్తుందా?"

విద్యార్థులారా! తండ్రి మాట నిజమా? కూతురి మాట నిజమా? ఈ పాఠం చదివి మీరే తేల్చండి.

నిద్రపోయే తీగ

ద్రాక్ష చలిదేశాల తీగ. అక్కడ శీతాకాలం రాగానే ఆకులు రాల్చి నిద్రపోతుంది. కొన్ని వారాలపాటు చలి తగిలిన తరువాత, వసంతంలో మొగ్గలన్నీ దాదాపు ఒకేసారి విచ్చుకొంటాయి. మొగ్గ నిద్ర లేవడానికి ఆ చలి అవసరం.

నాసిక్, సాంగ్లి, షోలాపురం, విజయపుర వంటి మన ద్రాక్షసీమలలో అంత చలి ఎక్కడిది? అందువల్ల ఇక్కడి రైతులు తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి. అక్టోబరు కత్తిరింపు పంట కోసం. కత్తిరించిన తరువాత కొమ్మ మీది కళ్ళు కొన్ని ముందు, కొన్ని వెనుక చిగురిస్తే గుత్తులు ఒకేసారి పక్వానికి రావు. కోతకు చిక్కు, అమ్మకానికి చిక్కు. అందుకని, చలి చేయవలసిన పనిని చేయడానికి ఒక రసాయనాన్ని ఆ కళ్ళకు పూస్తారు. దాని పేరేమిటి? హైడ్రోజన్ సైనమైడ్. నీటిలో కరిగించిన సుమారు 50 శాతం ద్రావణంగా అది అమ్మకానికి వస్తుంది. మన దేశంలో ద్రాక్షకు వాడేందుకు నమోదైన మందు ఇది. మన సన్నివేశంలోని డబ్బాలో ఉండినది ఇదే.

ఇటువంటి పదార్థాలను వృద్ధి నియంత్రకాలు అంటారు. ఇవి ఎరువుల వలె పైరుకు ఆహారం కావు. పురుగుమందుల వలె పురుగును చంపడానికి వాడేవీ కావు. మొక్క ఎప్పుడు చిగురించాలి, కాయ ఎంత సాగాలి, ఆకు ఎప్పుడు రాలాలి అనే విషయాలను మార్చడానికి వీటిని వాడతారు. ఒకే ద్రాక్షతోటలో ఇవి మూడు కనిపించవచ్చు. కత్తిరింపుకు ముందు ఆకు రాల్చడానికి ఎథిఫాన్, కళ్ళను మేల్కొలపడానికి హైడ్రోజన్ సైనమైడ్, కాయ సాగడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం. ఈ మూడింటినీ గుర్తుంచుకోండి. వీటితో మనకు పని ఉంది.

మూడింటినీ తోటలో "మందు" అనే అంటారు. మన భాషలో మందు అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. జ్వరానికి వేసుకొనేది మందు. పురుగుకు కొట్టేది మందు. తుపాకిలో కూరేది మందు. మత్తుకోసం తాగేదాన్ని కూడా మందు అంటారు. మాట ఒకటే కావడం వల్ల, అన్నీ మేలు చేసేవే అనిపిస్తుంది. డబ్బా మీద అచ్చువేసిన మాట ఈ భ్రమను పోగొడుతుంది.

చట్టం ఎందుకు వచ్చింది?

1958లో కేరళలో ఘోరం జరిగింది. పారథియాన్ అనే పురుగుమందును ఆహారపదార్థాలతో పాటు రవాణా చేశారు. మందు కారి గోధుమపిండిలో కలిసింది. ఆ పిండి తిన్నవారిలో వందమందికి పైగా మరణించారు. వారు పొలంలో మందు కొట్టినవారు కారు. మందు ముఖం కూడా చూడనివారు.

అటువంటి ప్రమాదాలు మళ్ళీ జరగకూడదని కేంద్ర ప్రభుత్వం 1968లో పురుగుమందుల చట్టాన్ని, 1971లో దాని నియమాలను తెచ్చింది. పేరు పురుగుమందుల చట్టమే అయినా, తెగుళ్ళ మందులు, కలుపు మందులు, వృద్ధి నియంత్రకాలు కూడా దాని కిందికి వస్తాయి. కాబట్టి "పురుగుమందు కాదు కదా" అన్న తండ్రి మాట చట్టం ముందు నిలవదు. ప్రతి డబ్బా మీద ఏమి రాయాలో, ఏ గుర్తు వేయాలో ఆ నియమాలు చెప్పాయి.

నాలుగు రంగులు

డబ్బా మీద కొనమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుందని చదివాం. ఆ వజ్రాకారాన్ని అడ్డంగా రెండు త్రికోణాలు చేస్తారు. పై త్రికోణంలో హెచ్చరిక మాట ఉంటుంది. కింది త్రికోణంలో రంగు ఉంటుంది. చదువు రానివారికి కూడా రంగు తెలుస్తుంది కదా!

ఎరుపు: అత్యంత విషపూరితం. పై భాగంలో పుర్రె, ఎముకల గుర్తు, "విషం" అనే మాట ఉంటాయి. సంఖ్య 1 నుండి 50 వరకు.

పసుపు: అధిక విషపూరితం. "విషం" అనే మాట ఉంటుంది. పుర్రె గుర్తు ఉండదు. సంఖ్య 51 నుండి 500 వరకు.

నీలం: మధ్యరకం విషపూరితం. "అపాయం" అనే మాట ఉంటుంది. సంఖ్య 501 నుండి 5000 వరకు.

ఆకుపచ్చ: స్వల్ప విషపూరితం. "జాగ్రత్త" అనే మాట ఉంటుంది. సంఖ్య 5000 కంటె ఎక్కువ.

ఒక సంగతి గమనించారా? నాలుగు రంగులలో "విషం కానిది" అనే రంగు లేదు. ఆకుపచ్చను చూసి చాలామంది "దారి వదిలారు, పోవచ్చు" అనుకొంటారు. అది నాలుగు రోడ్ల కూడలిలోని దీపం కాదు. అక్కడ కూడా "జాగ్రత్త" అనే రాసి ఉంది.

సంఖ్య చెప్పేది

పై పట్టికలోని సంఖ్యలు ఏమిటి? ఒక పదార్థాన్ని పరీక్ష కోసం ఎలుకలకు నోటి ద్వారా ఇస్తారు. వాటిలో సగం చనిపోయే మోతాదును లెక్కకడతారు. ఒక కిలోగ్రాము శరీర బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతారు. దీనిని ఎల్.డి. 50 అంటారు. 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. చర్మం ద్వారా లోపలికి పోయే విషానికి వేరుగా సంఖ్యలు ఉన్నాయి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. మార్కులలో పెద్ద సంఖ్య గొప్ప. ఇక్కడ చిన్న సంఖ్య భయంకరం. కొద్దిపాటి పదార్థమే ప్రాణం తీస్తుందని చిన్న సంఖ్యకు అర్థం.

మన తోటలోని మూడు మందులను ఈ కొలతతో చూద్దాం. జిబ్బరెల్లిక్ ఆమ్లం సంఖ్య 5000 దాటుతుంది. అది ఆకుపచ్చ శ్రేణి. ఎథిఫాన్ సంఖ్య 1500 పైన, 5000 లోపల ఉంటుంది. అది నీలం శ్రేణి. హైడ్రోజన్ సైనమైడ్ సంఖ్యలు 51, 500 మధ్య వచ్చాయి. అది పసుపు శ్రేణి. ఒకే తోట, ఒకే తీగ, ఒకే "మందు" అనే పేరు, మూడు రంగులు!

ఎలుకల మీద వచ్చిన సంఖ్య పదార్థాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రమే. "ఇంతవరకు మనిషికి ఫరవాలేదు" అని చెప్పే కొలత కాదు.

రంగు చెప్పనిది

రంగు నిజం చెబుతుంది. కాని అంతా చెప్పదు. విషం ఎంత మోతాదులో ప్రాణం తీస్తుందో అదొక్కటే రంగు చెబుతుంది. ప్రమాదం ఇంకా ఎన్నో దారులలో వస్తుంది.

ఎథిఫాన్‌ను చూడండి. రంగు ప్రకారం మధ్యరకం. కాని నీరు కలపని ఎథిఫాన్ ద్రావణం గాఢమైన ఆమ్లం. చుక్క కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. నీలం త్రికోణం ఈ సంగతి చెప్పదు. పక్కన ఉన్న చిన్న అక్షరాలు చెబుతాయి.

హైడ్రోజన్ సైనమైడ్ కూడా చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది. చర్మం ద్వారా లోపలికి పోతుంది. ఇంతకంటె విచిత్రమైన గుణం ఒకటి దానికి ఉంది. మనిషి మద్యం తాగినప్పుడు కాలేయం దానిని రెండు మెట్లలో విరగగొడుతుంది. మొదటి మెట్టులో అసిటాల్డిహైడ్ అనే హానికర పదార్థం తయారవుతుంది. రెండో మెట్టులో ఒక ఎంజైము దానిని హాని లేని పదార్థంగా మారుస్తుంది. సైనమైడ్ ఈ రెండో మెట్టును మూసివేస్తుంది. హానికర పదార్థం రక్తంలో పేరుకొంటుంది. ముఖం ఎర్రబారుతుంది. తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. గుండె దడదడలాడుతుంది. ఊపిరి ఆడదు. వాంతులు అవుతాయి. రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. ఈ గుణం వల్లనే సైనమైడ్‌ను కొన్ని దేశాలలో తాగుడు మాన్పించే ఔషధంగా, వైద్యుల పర్యవేక్షణలో, కొద్ది మోతాదులో వాడారు.

ఇంకొక వింత. ద్రాక్ష మొగ్గలో కూడా ఈ రసాయనం కాటలేజ్ అనే ఎంజైము పనిని అడ్డుకొంటుందని పరిశోధకులు గమనించారు. మొగ్గలో ఒక తలుపు మూసి చిగురును లేపుతుంది. మనిషిలో మరొక తలుపు మూసి మనిషిని పడగొడుతుంది. పైరుకు మేలు చేసేది మనకు కీడు చేస్తుందా అని తండ్రి అడిగాడు కదా! చేస్తుంది. ఇదే జవాబు.

పగలంతా కళ్ళకు మందు పూసి, ఒళ్ళు నొప్పులని సాయంత్రం కల్లో సారాయో తాగే కూలీలు ఉన్నారు. వారికి ఆ సాయంత్రమే ప్రమాదం. పని మొదలుపెట్టడానికి ముందు, పని జరిగే రోజుల్లో, ఆ తరువాత లేబులు చెప్పినన్ని రోజులు మద్యం ముట్టరాదు. ఆల్కహాలు కలిసిన టానిక్కులు, దగ్గుమందులు కూడా మద్యం లెక్కే. వైద్యుని అడగకుండా వాటిని తాగరాదు.

2001లో ఇటలీలో ఈ రసాయనం వాడిన వ్యవసాయ కార్మికులు కొందరు అస్వస్థులయ్యారు. 2008లో ఐరోపా సంఘం దీనిని తన అనుమతుల జాబితాలో చేర్చరాదని నిర్ణయించింది.

ఐక్యరాజ్యసమితి 2003లో ప్రపంచానికంతటికీ ఒకే రకమైన హెచ్చరిక గుర్తులను ప్రచురించింది. అవి ఎర్రటి అంచు గల వజ్రాకారపు బొమ్మలు. ఐరోపావారు ఆ పద్ధతిలో హైడ్రోజన్ సైనమైడ్‌కు మూడు బొమ్మలు ఇచ్చారు. ఒకటి పుర్రె. అది విషానికి గుర్తు. రెండోది, చేతి మీద ద్రవం పడి చర్మం తినివేయడం. మూడోది, మనిషి ఛాతీ మీద నక్షత్రం వంటి గుర్తు. దీర్ఘకాలంలో ఆరోగ్యం చెడవచ్చునని, గర్భస్థ శిశువుకు హాని కలగవచ్చుననే అనుమానం ఉందని దాని భావం. మన పసుపు త్రికోణం మీద పుర్రె లేదు. అక్కడ ఉంది. పదార్థం మాత్రం ఒకటే! "పుర్రె లేదు, భయం లేదు" అనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

పనిచేసేవారికి జాగ్రత్తలు

తోటల్లో ఈ మందును పిచికారీ చేస్తారు. లేదా గుడ్డతోనో స్పాంజితోనో కళ్ళకు పూస్తారు. పూసేటప్పుడు మందు చేతికి అంటడం సహజం. అందుచేత ఈ కింది నియమాలు పాటించాలి.

1. మందు తగలని చేతితొడుగులు, కంటి అద్దాలు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు వేసుకోవాలి. చిరిగిన తొడుగు వేసుకోవడం, తొడుగు లేకపోవడం కంటె మేలు కాదు. లోపలికి పోయిన మందు అక్కడే నిలిచి చర్మాన్ని కాలుస్తుంది.

2. ఎదురుగాలిలో పిచికారీ చేయరాదు.

3. పని మధ్యలో తినడం, తాగడం, బీడీ కాల్చడం, ఆకువక్క వేసుకోవడం చేయరాదు.

4. పని ముగిసిన వెంటనే సబ్బుతో స్నానం చేయాలి. పనిబట్టలను ఇంట్లోవారి బట్టలతో కలపకుండా వేరుగా ఉతకాలి.

5. మందును నీళ్ళ సీసాల్లోకి, సోడా సీసాల్లోకి మార్చి దాచరాదు. తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి.

6. పిల్లలు, గర్భిణులు ఈ పనికి పోరాదు. మందు పూసిన తోటలోకి లేబులులో చెప్పిన గడువు దాటేవరకు ఎవరూ వెళ్ళరాదు.

ప్రమాదం జరిగితే

మందు ఒంటిమీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి, ధారాళంగా నీళ్ళు పోసి కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకొని, కనీసం పదిహేను నిమిషాలు మంచినీటితో కడగాలి. మింగితే బలవంతంగా వాంతి చేయించరాదు. కాల్చే గుణం గల ద్రవం తిరిగి పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. 108కి ఫోను చేయాలి. లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పోయేటప్పుడు లేబులును, లోపలి కరపత్రాన్ని తప్పక వెంట తీసుకుపోవాలి. సైనమైడ్, సైనైడ్ పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నా అవి వేరువేరు పదార్థాలు. సైనైడ్‌కు ఇచ్చే విరుగుడు దీనికి పనిచేయదు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. "ఏదో మందు మింగాడు" అని చెబితే వైద్యునికి సమయం వృథా అవుతుంది. సరైన పేరు చెబితే ఆ సమయం రోగికి దక్కుతుంది. మద్యం తాగి ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

ఖాళీ డబ్బా

ఖాళీ డబ్బా నిజంగా ఖాళీ కాదు. మూలల్లో, మూత మరల్లో మందు మిగిలి ఉంటుంది. బూడిదతో తోమినా అది పూర్తిగా పోతుందనే నమ్మకం లేదు. కాబట్టి మందు కలిపే సమయంలోనే డబ్బాను మూడుసార్లు నీటితో పుక్కిలించి, ఆ నీళ్ళను మందు కలిపే తొట్టిలోనే పోయాలి. కాలువలో, చెరువులో, బావి దగ్గర కడగరాదు. తరువాత ఎవరికీ పనికిరాకుండా డబ్బాను పగలగొట్టి, ఇళ్ళకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి నియమాలు చెబుతున్నాయి. పారేసిన డబ్బా ఎవరి ఇంటి నీళ్ళబిందె అవుతుందో పారేసినవారికి తెలియదు. అందుకే ఆ నియమం.

రెండు భాషల బిడ్డలు

లేబులులోని మాటలు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషలలో కూడా ఉండాలని నియమం. అందువల్ల షోలాపురంలో మరాఠీలో, బళ్ళారిలో కన్నడంలో, హోసూరులో తమిళంలో, బరంపురంలో ఒడియాలో ఉంటాయి. మన ఇళ్ళలో తాతలు, నాయనమ్మలు ఆ భాషలు మాట్లాడగలరు. కాని చాలామంది చదవలేరు. మీరు రెండు లిపులు చదవగలరు. ఇది పరీక్షలో మార్కులు తెచ్చే విద్య మాత్రమే కాదు. ఇంటిని కాపాడే విద్య కూడా.

మన సన్నివేశం ఎలా ముగిసిందో చూద్దాం.

ఆ రాత్రి నాయనమ్మ డబ్బాను ఇంట్లోకి రానివ్వలేదు. మరునాడు తండ్రి తోటలో అడిగి, డబ్బాతో పాటు వచ్చిన కరపత్రం తెచ్చాడు. అమ్మాయి దానిని ఒక్కొక్క వాక్యం చదువుతూ తెలుగులో చెప్పింది. చేతితొడుగుల మాట దగ్గర తండ్రి తన అరచేతులు చూసుకొన్నాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా కంది ఉంది. మద్యం గురించిన వాక్యం వచ్చినప్పుడు "అది ఇంకొకసారి చదువమ్మా" అన్నాడు. అమ్మాయి మళ్ళీ చదివింది.

తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. "పోయిన ఏడు మా జట్టులో ఒకతను సాయంత్రం కొట్టు దగ్గరే కూలబడ్డాడు. ఎండదెబ్బ అనుకొన్నాం" అన్నాడు. తరువాత కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకొన్నాడు. "రేపు దీన్ని పనిలో అందరికీ చెప్పాలి. నీవు చెప్పిన మాటలు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వు" అన్నాడు.

అమ్మాయి నోటుపుస్తకంలో ఒక కాగితం చింపి, పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. మొదటి మాట "విషం" అని రాసింది.

రంగు మనలను ఆగమంటుంది. ఎందుకు ఆగాలో, ఆగి ఏం చేయాలో మాట చెబుతుంది. చదవగలిగినవారు చదివి, చదవలేనివారికి చెప్పినప్పుడే ఆ మాట నెరవేరుతుంది.

పదాలు – అర్థాలు

వృద్ధి: పెరుగుదల
నియంత్రకం: అదుపు చేసేది
శ్రేణి: వరుస, తరగతి
మోతాదు: ఇవ్వవలసిన లేదా తీసుకొనే పరిమాణం
ధారాళంగా: కొరత లేకుండా
విరుగుడు: విషాన్ని పోగొట్టే ఔషధం
కరపత్రం: సమాచారం అచ్చువేసి ఇచ్చే కాగితం
అస్వస్థులు: ఆరోగ్యం చెడినవారు
భ్రమ: లేనిది ఉన్నట్లు తోచడం
గడువు: నిర్ణయించిన కాలం

అభ్యాసం

అ. ఆలోచించి చెప్పండి

1. "పైరుకు మేలు చేసేది మనకు కీడు చేస్తుందా?" అని తండ్రి ఎందుకు అన్నాడు? ఆ మాటకు పాఠంలో దొరికిన జవాబు ఏమిటి?
2. డబ్బా మీద పుర్రె గుర్తు లేకపోతే భయం లేదని ఒక మిత్రుడు అన్నాడు. అతనికి మీరు ఏమని చెబుతారు?
3. చివరి సన్నివేశంలో తండ్రి ఒక వాక్యాన్ని రెండోసారి ఎందుకు చదివించుకొన్నాడు?

ఆ. జవాబులు రాయండి

1. వృద్ధి నియంత్రకాలకు, ఎరువులకు గల భేదం ఏమిటి?
2. నాలుగు రంగుల త్రికోణాలను వివరించండి.
3. రెండు పదార్థాల ఎల్.డి. 50 సంఖ్యలు 40, 4000. వీటిలో ఏది ఎక్కువ అపాయకరం? ఎందుకు? ఏది ఏ రంగుకు చెందుతుంది?
4. మందు మింగినవారిచేత వాంతి ఎందుకు చేయించరాదు?
5. 1958 నాటి ప్రమాదం మనకు ఏమి నేర్పుతుంది?

ఇ. భాషాంశాలు

1. నానార్థాలు: ఒకే మాటకు గల వేరువేరు అర్థాలను నానార్థాలు అంటారు. "మందు" అనే మాటను మూడు అర్థాలలో వాడి మూడు వాక్యాలు రాయండి. "కన్ను" అనే మాటకు ఈ పాఠంలో ఎన్ని అర్థాలు కనిపించాయి?

2. పదాలు విడదీసి సంధి పేరు రాయండి: ప్రాణాపాయం, వజ్రాకారం, అదొక్కటే, పేరేమిటి.
ఉదా: ప్రాణాపాయం = ప్రాణ + అపాయం. సవర్ణదీర్ఘ సంధి.

3. విధ్యర్థక, నిషేధార్థక వాక్యాలు: "సబ్బుతో స్నానం చేయాలి." ఇది చేయుమని చెప్పే వాక్యం. విధ్యర్థకం. "ఎదురుగాలిలో పిచికారీ చేయరాదు." ఇది చేయవద్దని చెప్పే వాక్యం. నిషేధార్థకం. పాఠంలోని ఇటువంటి వాక్యాలు నాలుగేసి ఏరి రాయండి. హెచ్చరికలు ఇంత చిన్న వాక్యాలలో ఎందుకు ఉంటాయో చర్చించండి.

ఈ. పని

మీ ఊరి ఎరువుల దుకాణానికి పెద్దవారితో కలిసి వెళ్ళండి. డబ్బాలను తాకకుండా, వాటిపైని రంగులను చూసి పట్టిక తయారుచేయండి. ఒక లేబులులోని హెచ్చరికలను మీ రాష్ట్ర భాషనుండి తెలుగులో రాసి, మీ ఇంట్లో చదవడం రానివారికి చదివి వినిపించండి. వారికి ఏ మాట అర్థం కాలేదో అడిగి తెలుసుకోండి. ఆ మాటను ఇంకా తేలికగా ఎలా చెప్పవచ్చో తరగతిలో చెప్పండి.